చూడకముందే రాయాలి

జూన్ 12, సోమవారం, 2000

ఈ డైరీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు జనవరిలో పంచగా మిగిలింది. ప్రతి పేజీ నెత్తిన "జావా నేర్చుకోండి, జీవితం మార్చుకోండి" అని అచ్చేశారు. నేను నేర్చుకోలేదు. అమీర్‌పేట మొత్తం మీద జావా రాని ప్రాణిని నేనొక్కదాన్నే అనుకుంటా. రిసెప్షన్లో కూర్చుని "కొత్త బ్యాచ్ సోమవారం అండీ, డెమో క్లాసు ఉచితం అండీ" అని పొద్దస్తమానం వాగడం నా ఉద్యోగం. ఆ రెండు ముక్కలకి బీకాం ఎందుకో ఓనరు ఫణీంద్ర గారికే తెలియాలి. వచ్చిన ప్రతి కుర్రాడూ "మేడమ్, మీరు ఏ కోర్సు చేశారు?" అంటాడు. ఒళ్ళు మండిపోతుంది.

ఇది ఎవరికీ చూపించే పుస్తకం కాదు. చూపించేది వేరే ఉంది. అది పంజాగుట్టలో, మా రైఫిల్ క్లబ్బు సెల్లార్లో, ఖలీద్ సాబ్ ఇనప బీరువాలో ఉంటుంది.

ఆ పుస్తకం గురించే ఇవాళ కడుపు రగులుతోంది. ఖలీద్ సాబ్ యూసుఫ్‌గూడ పోలీసు బెటాలియన్లో ముప్పై ఏళ్ళు తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర ఒక రూలుంది. రైఫిల్ పేలాక వెంటనే కార్డు చూడకూడదు. గుండు ఎక్కడ తగిలిందో మన ఒంటికి తెలిసినట్టుగా ముందు రాయాలి. దాన్ని కాల్ అంటారు. ఆ తర్వాతే చక్రం తిప్పి, తీగ మీద వేలాడే కార్డుని దగ్గరికి లాక్కుని, నిజంగా ఎక్కడ తగిలిందో పక్కన రాయాలి. కార్డుకి ఒక్కటే గుండు. అంతా పెన్సిల్‌తోనే. పెన్ను తేవొద్దంటాడు. పేజీలకి నంబర్లు కూడా ఆయనే వేసిస్తాడు, మనం చింపుకోకుండా.

ఇవాళ నా పుస్తకం తిరగేసి, "మస్తుగున్నయ్ బేటీ నీ కాల్స్. ఒక్కటి సుత తప్పలే" అన్నాడు. మెచ్చుకున్నట్టు లేదు. పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నాడు.

తప్పకపోతే ఏడుపెందుకట? నేను చూడకముందే రాస్తాను. చాలామటుకు.

జూన్ 13

"చాలామటుకు" అని ఎందుకు రాశానో. చూడకముందే రాస్తాను.

జూన్ 18, ఆదివారం

నలభై షాట్లు, నాలుగు వందలకి 368. క్లబ్బు రైఫిల్ మడమకి ప్లాస్టర్ చుట్టి ఉంది. ఎంతమంది బుగ్గలు ఆనించిన చెక్కో అది. దానితో ఇంతకంటే ఏం వస్తుంది?

మంజూష 377. దాని రైఫిల్ జర్మనీది. బేగంపేట కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది, వయసు ఇరవై మూడు. పంజాగుట్టలోనే సొంత ఫ్లాటు, అమ్మా నాన్నా కూడా. ఏడాది కిందట సెల్లార్ మెట్లు దిగి, "అక్కా, ఇది ఎటువైపు పట్టుకోవాలి?" అని అడిగింది. గుండు పెట్టడం దగ్గర్నుంచి రూలు పుస్తకం దాకా అన్నీ నేనే నేర్పాను. ఇప్పుడు నాకంటే తొమ్మిది ఎక్కువ కొట్టి, "ఈరోజు లైట్లు బాలేవు కదక్కా" అంటుంది నన్ను ఓదారుస్తూ. ఓదార్పట!

ఆగస్టు ఇరవైన స్టేట్ టీమ్ సెలెక్షన్. ఆడవాళ్ళలో ముగ్గురికే చోటు. టీమ్‌లో పేరుంటే సర్టిఫికెట్ వస్తుంది, సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో క్లర్కు పోస్టుకి పెట్టుకోవచ్చు. వయసు ఇరవై ఎనిమిది దాటకూడదు. నాకు జనవరిలో నిండుతాయి. అంటే ఇదే ఆఖరు. తర్వాత చచ్చేదాకా "కొత్త బ్యాచ్ సోమవారం అండీ."

జూన్ 25

రైఫిల్ మీద గురి చూసే సైటు రెండు క్లిక్కులు ఎడమకి తిప్పాను. ఇప్పుడు కుడికి పోతున్నాయి. క్లబ్బు సైటు వదులైపోయింది.

జూలై 2

మళ్ళీ రెండు క్లిక్కులు కుడికి తిప్పాను. ఈసారి గుండ్ల డబ్బా మంచిది కాదు.

జూలై 9, ఆదివారం

ఖలీద్ సాబ్ ఇవాళ నా వెనకే నిలబడ్డాడు. సైటు మీద చెయ్యి వేయబోతే వేళ్ళ మీద ఒక్కటిచ్చాడు.

"దాన్ని ముట్టకు. సైటు మంచిగనే ఉన్నది. నీ నిలబడుడే వంకర ఉన్నది."

"రెండేళ్ళుగా ఇలాగే నిలబడుతున్నాను సాబ్."

"రెండేండ్ల సంది వంకరనే నిలబడుతున్నవ్."

మంజూష నవ్వలేదు. నవ్వి ఉంటే బావుండేది, ఒక మాట అందును.

తర్వాత మొదటిరోజు పిల్లకి చెప్పినట్టు అంతా మొదట్నుంచీ చెప్పాడు. ఎడమ మోచెయ్యి నడుము ఎముక మీద ఆనాలి. వీపు కొంచెం వెనక్కి వాలాలి. తల వంచి రైఫిల్ దగ్గరికి పోకూడదు, రైఫిలే బుగ్గ దగ్గరికి రావాలి. "కండలతోటి పట్టకు, బొక్కలతోటి పట్టు. కండ అలిసిపోతది. బొక్క అలిసిపోదు." బొక్కంటే ఆయన భాషలో ఎముక.

"ఇగ కండ్లు మూస్కో. రెండుసార్లు ఊపిరి తీస్కో. తెరువు. సుక్క యాడుంది?"

కార్డు మీది నల్ల చుక్క సైటు రింగులో లేదు. బాగా ఎడంగా, పక్కకి జరిగి ఉంది. నేను భుజంతో రైఫిల్‌ని అటు లాగాను.

"అరె, గుంజకు! గుంజితే గుండు పేలేటప్పుడు మళ్ల ఎనకకే పోతది. చేతులను ఇడిసిపెట్టు. కాలు జరుపు. జరంత."

కాలు జరిపాను. మళ్ళీ కళ్ళు మూసి తెరిచాను. ఇంకా ఎడంగానే ఉంది. మళ్ళీ జరపమన్నాడు. ఇలా పదకొండుసార్లు. పదకొండోసారి నేను విసుగెత్తి లాగి కొట్టేశాను. తొమ్మిది వచ్చింది. చూశారా అన్నట్టు ఆయన వైపు చూశాను. ఆయన మంజూష దగ్గరికి వెళ్ళిపోయాడు.

లాగకపోతే నాకు ఏది దక్కింది? ఈ ఉద్యోగం లాగి తెచ్చుకున్నదే. హాస్టల్లో కిటికీ పక్క మంచం కూడా ముగ్గురితో పోట్లాడి లాక్కున్నదే. కాలు జరుపుతూ కూర్చుంటే ఈపాటికి మా ఊరు భీమవరంలోనే ఉండేదాన్ని.

జూలై 16

371. కాల్స్ అన్నీ కలిశాయి.

జూలై 23

372. కాల్స్ అన్నీ కలిశాయి.

జూలై 30, ఆదివారం

మంజూష కాల్ బుక్కు బల్ల మీద తెరిచి ఉంటే చూశాను. సగం తప్పులే! "పది" అని రాసిన చోట ఎనిమిది. "కుడి" అని రాసిన చోట ఎడమ. అయినా సిగ్గు లేకుండా అలాగే రాసుకుంది, కొన్నిచోట్ల పక్కన నవ్వు మొహం బొమ్మ కూడా గీసింది. ఈ పిల్లకి తన గుండు ఎటు పోయిందో తనకే తెలియదు. అయినా 379.

నేను ఎలా రాస్తానో ఇక్కడ రాసుకుంటే ఎవరికేం నష్టం? ఎడమచేత్తో చక్రం తిప్పుతూ కుడిచేత్తో రాస్తాను. కార్డు వచ్చేసరికి రాయడం అయిపోతుంది. కార్డు కాస్త ముందొస్తే అది నా తప్పు కాదు. టైము కలిసొస్తుంది.

ఆగస్టు 6

ఖలీద్ సాబ్ అందరి ముందూ అన్నాడు. "కాల్ రాసుడు పరీక్ష కాదు. మార్కులేం లేవు. గలత్ రాసినా ఫికర్ లేదు. ఝూట్ రాస్తెనే పరేషాన్."

అబద్ధం రాయొద్దని అందరి ముందూ అన్నాడు కానీ నన్ను చూడలేదు. చూడకపోవడంలోనే ఉంది అంతా. ముసలాయనకి జర్మనీ రైఫిల్ పిల్లే ముద్దు.

ఆగస్టు 13

రేంజికి వెళ్ళలేదు. తలనొప్పి.

ఆగస్టు 20, ఆదివారం

సెలెక్టయ్యాను. 375. మూడో స్థానం.

ఆగస్టు 21

నిన్న అలిసిపోయి ఎక్కువ రాయలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో స్వీట్లు పంచాను. ఫణీంద్ర గారు "మన స్వరాజ్యం రాష్ట్రానికి ఆడుతుందోయ్" అని క్లాసు ఆపి మరీ చెప్పారు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. మేడమ్ ఏ కోర్సు చేశారని ఇవాళ ఒక్కడూ అడగలేదు.

మంజూష కార్డు మీద రెండు రంధ్రాలు వచ్చాయట. ఒకే కార్డు మీద రెండుసార్లు కాల్చినట్టు లెక్కేసి మార్కులు కోశారు. 374. పాపం. ఒత్తిడిలో ఏదో అయి ఉంటుంది.

ఆగస్టు 22, మంగళవారం

"వచ్చాయట" అని రాశాను. ఎవరో చెబితే విన్నట్టు.

రాస్తాను. ఇది చూపించే పుస్తకం కాదుగా.

ఖైరతాబాద్ హాలు ఇరుకు. ఇద్దరి మధ్య ఒక మూర జాగా కూడా లేదు. నాది ఆరో నంబరు, నా పక్కన ఏడు మంజూషది. కార్డుల పైన నంబర్లు కాగితాల మీద రాసి అంటించారు. ముప్పయ్యో షాట్ ఎనిమిది పోయింది. కోపం నషాళానికంటింది. రైఫిల్ దింపేసి, పక్కకెళ్ళి నీళ్ళు తాగి, మొహం కడుక్కుని వచ్చాను.

వచ్చి, ఎందుకో, ఆయన చెప్పినట్టే చేశాను. ఎదురు తిరగడానికి కూడా ఓపిక లేక చేశానేమో. కాళ్ళు కొత్తగా పెట్టుకున్నాను. మోచెయ్యి ఎముక మీద ఆనించాను. కళ్ళు మూసుకున్నాను. రెండు ఊపిరులు. తెరిచాను. నల్ల చుక్క సరిగ్గా రింగు నడుమ ఉంది. నేను లాగలేదు, పట్టలేదు. దానంతటది ఉంది. రెండేళ్ళలో మొదటిసారి నా చేతులకి బరువు తెలియలేదు. ట్రిగ్గర్ ఎప్పుడు కదిలిందో కూడా తెలియదు. పేలాక కూడా చుక్క అక్కడే ఉంది.

చక్రం ముట్టకుండా పెన్సిల్ తీశాను. 31: పది, నడిమధ్య. చూడకముందే రాశాను. అంత ఖాయంగా తెలిసింది.

అప్పుడు చక్రం తిప్పాను. కార్డు వచ్చింది. ఒక్క రంధ్రం లేదు. వెనక్కి తిప్పి చూశాను, వెలుతురుకి పెట్టి చూశాను. లేదు. తలెత్తి నంబర్లు చూశాను. నా కాళ్ళు ఏడో నంబరు వైపు తిరిగి ఉన్నాయి.

సైటు రంధ్రంలోంచి అన్ని నల్ల చుక్కలూ ఒకటే. అందుకే పైన నంబరు చూసుకోవాలి. మంజూషకి మొదటి వారం నేర్పిన పాఠం అది. నేర్పింది నేనే.

చెయ్యెత్తి చెప్పాలి. చెబితే నా షాట్ సున్నా. మంజూషకి ఏ నష్టమూ లేదు, ఏ దెబ్బ తనదో తేలకపోతే రెంటిలో పెద్దది తనకే ఇస్తారు. ఈ రూలూ నేనే నేర్పాను. వెనకాల లెక్క రాసే అతను పక్కవాడితో క్రికెట్ కబుర్లలో ఉన్నాడు.

అదే కార్డుని వెనక్కి పంపాను. కాళ్ళు జరుపుకున్నాను. మళ్ళీ కాల్చాను. తొమ్మిది. పుస్తకంలో మళ్ళీ 31 అని రాశాను. రెండేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటది రాసేసింది.

ఈలోగా ఏడో నంబరులో మంజూష కాల్చింది, కార్డు లాక్కుంది, చెయ్యెత్తింది. రేంజి ఆఫీసర్ రాజనర్సయ్య గారు వచ్చి కార్డు చూసి, ముందు నన్నే అడిగారు.

"ఆరో నంబర్, నీ గుండు గిటు పోయిందా?"

"లేదు సార్."

నా గొంతు ఎంత మామూలుగా వచ్చిందో! "కొత్త బ్యాచ్ సోమవారం అండీ" అన్నట్టే వచ్చింది. ఎనిమిదో నంబరు అమ్మాయి కూడా తనది కాదంది.

"అయితే నువ్వే రెండుసార్లు కొట్టినవమ్మా."

"లేదు సార్... నేను ఒక్కసారే..." అని మంజూష నా వైపు చూసింది. అనుమానంతో కాదు. అక్కని సాక్ష్యం అడుగుతున్నట్టు చూసింది. నేను గుండ్ల డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాను.

పదిని కొట్టేసి, పైగా రెండు మార్కులు కోశారు. నాకు 375, దానికి 374.

అంతా అయ్యాక బయట మెట్ల మీద నా పక్కన కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. "అక్కా, ఆ పది చూశారా? ఎంత బాగుందో. కంపాస్ పెట్టి గుచ్చినట్టుంది. నేనే కొట్టి మర్చిపోయానేమో అని కూడా అనుకున్నా. నాదైతే బావుండును" అంది. తర్వాత నాకు కంగ్రాట్స్ చెప్పింది.

ఖలీద్ సాబ్ ఎప్పట్లాగే అందరి కాల్ బుక్కులూ తీసుకుని సంచిలో వేసుకున్నాడు. శుక్రవారం తీరిగ్గా చదువుతాడు. నా పేజీలో నలభైకి నలభై ఒక్క లైన్లు ఉన్నాయి. పేజీకి ఆయన వేసిన నంబరుంది.

ఆగస్టు 23

సెల్లార్‌కి వెళ్ళాను. బీరువాకి తాళం. వాన మొదలైంది.

ఆగస్టు 24, గురువారం

ఇలాంటి వాన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పొద్దున లేచేసరికి అమీర్‌పేట రోడ్డు మీద మోకాళ్ళ లోతు నీళ్ళు. ఇన్‌స్టిట్యూట్‌కి సెలవు. నేను పంజాగుట్ట నడిచి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకు తెలుసు.

సెల్లార్లో నడుము దాకా నీళ్ళు. ఖలీద్ సాబ్, మంజూష అప్పటికే దిగారు. ఆయన గోడ మీది రైఫిళ్ళు దింపుతున్నాడు. బీరువా తలుపు తెరిచి ఉంది, కింది అర నీళ్ళలో మునిగి ఉంది. కాల్ బుక్కులు కింది అరలోనే ఉంటాయి.

నాకు సంతోషం వేసింది. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, అయినా వేసింది. పోయింది, అన్నీ పోయాయి, దేవుడున్నాడు అనుకున్నాను.

అప్పుడు మంజూష మెట్ల మీంచి అరిచింది. "అక్కా, భయపడకండి! బుక్కులన్నీ పైన పెట్టేశా. మీదే ముందు తీశా."

"నీ రైఫిల్ ఏదీ?"

"సాబ్ తెస్తున్నారుగా. తడిస్తే తడిసింది. రైఫిలైతే మళ్ళీ కొనుక్కోవచ్చు, ఇది మీ రెండేళ్ళ రాత కదా."

మళ్ళీ కొనుక్కోవచ్చట! ఆ మాటకి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. వానకి తడిసిన మొహం మీద ఎవరికీ తెలియలేదు. పుస్తకం నీళ్ళోడుతోంది. లోపల పెన్సిల్ రాత ఒక్క అక్షరం చెదరలేదు.

ఆగస్టు 25, శుక్రవారం

ఖలీద్ సాబ్ కబురు పెట్టాడు. యూసుఫ్‌గూడలో ఆయన ఇల్లు. మంచాల మీద, కుర్చీల మీద, ఫ్యాను కింద కాల్ బుక్కులు ఆరబెట్టి ఉన్నాయి. ఆయన భార్య జహీరా గారు చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయారు. నా పుస్తకం ఒక్కటే ఆయన ఒళ్ళో ఉంది.

"కూసో బేటీ. రెండేండ్ల సంది చూస్తున్న. నీ కాల్ ఎన్నడూ తప్పలే. గట్ల ఎవ్వరికీ ఉండదు. నాది సుత పదిట్ల మూడు తప్పుతది."

"మీకు తెలుసా?"

"మొదటి వారమే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే కొట్లాటకొస్తవ్. నీకు నువ్వు నిజం ఎప్పుడు రాస్తవా అని చూసిన." ఆ పేజీ తీసి వేలు పెట్టాడు. "గిది. గీ ఒక్కటి చూడకముందు రాసినవ్. అక్షరమే వేరే ఉన్నది చూడు, నిమ్మళంగ రాసినవ్. దాని కింద మళ్ల ముప్పై ఒకటి."

చాయ్ కప్పు కింద పెట్టాను.

"ఏం చేస్తారు సాబ్?"

"నేనేం చేస్త? ఇన్నేండ్లు నేర్పిన. గసొంటి షాట్ నా పిల్లలల్ల ఎవరూ కొట్టలే. నువ్వు కొట్టినవ్. కాళ్ళు సుత మంచిగ పెట్టి ఉంటవ్." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "టీమ్ లిస్టు రేపు మధ్యాహ్నం పోతది. నేను ఎవ్వరికీ చెప్ప. గీ బుక్కు ఇగ నా బీరువాల వద్దు. తీస్కపో."

గుమ్మం దాకా కూడా రాలేదు. ఎప్పుడూ వీధి మలుపు దాకా వచ్చేవాడు.

ఆగస్టు 26, శనివారం

ఖైరతాబాద్, రాష్ట్ర రైఫిల్ సంఘం ఆఫీసు వరండా. రాజనర్సయ్య గారు చాయ్‌కి వెళ్ళారట, ఇప్పుడే వస్తారని ప్యూన్ అన్నాడు. ఎదురుగా వీధి చివర పెద్ద వినాయకుడికి ఇంకా కర్రలు కట్టే ఉన్నాయి, వానకి మీద టార్పాలిన్ పట్టాలు కప్పారు. నా ఒళ్ళో రెండు పుస్తకాలున్నాయి, చూపించేది ఒకటి, ఇది ఒకటి.

మంజూష మీద ప్రేమ పొంగి వచ్చానని ఎవరైనా అంటే చెప్పు తీసుకు కొడతాను. ఆ పిల్ల మంచితనం నాకు ఇప్పటికీ గిట్టదు. బుద్ధొచ్చి కూడా రాలేదు. నాకు రావలసినదాని కోసం వచ్చాను.

ఆ పది నాది. రెండేళ్ళలో నేను లాక్కోకుండా వచ్చిన పది అదొక్కటే. అది వేరేవాళ్ళ కార్డు మీద, ఎర్ర పెన్నుతో కొట్టేసిన గీత కింద పడి ఉంది. కొట్టిన మనిషి లేదు దానికి. అది నాదని చెప్పుకోవాలంటే ఆ 375 పోవాలి, సర్టిఫికెట్ పోవాలి, నాది కాదని అబద్ధమాడానని రాజనర్సయ్య గారి ముందు ఒప్పుకోవాలి. ఆ మూడో స్థానం నాకు అక్కర్లేదని కాదు. చచ్చేంత కావాలి. ఇప్పటికీ లేచి మెట్లు దిగి వెళ్ళిపోవచ్చు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. వస్తున్నారు.

పెన్సిల్‌తోనే రాస్తున్నాను. నా ముప్పై ఒకటి సున్నా. టీమ్‌లో మంజూష. సోమవారం నుంచి మళ్ళీ కొత్త బ్యాచ్ అండీ.

ఇంకా లోపలికి వెళ్ళలేదు. చూడకముందే రాశాను.